ఇంజిన్ ఆగితే వెనక్కి తిరగొద్దు

చిన్న విమానం రన్‌వే వదిలి మూడు నాలుగు వందల అడుగులు ఎక్కేసరికి ఇంజిన్ ఆగిపోయిందనుకోండి. మనసు వెంటనే వెనకున్న రన్‌వే వైపే లాగుతుంది. చాలా ప్రమాదాల్లో ప్రాణం తీసేది ఇంజిన్ ఆగడం కాదు, ఆ వెనక్కి తిరగడమే.

లెక్క వేసి చూడండి. సెకనుకు 3 డిగ్రీల మామూలు మలుపులో సగం చుట్టు తిరగడానికే నిమిషం పడుతుంది. ఇంజిన్ ఆగిన సెస్నా 172 (నాలుగు సీట్ల చిన్న విమానం) ఆ నిమిషంలో సుమారు 700 అడుగులు దిగిపోతుంది. తిరిగాక కూడా రన్‌వే పక్కకే ఉంటుంది, దాని వరసలోకి రావడానికి ఇంకో మలుపు కావాలి. పోనీ గట్టిగా తిరుగుదామా అంటే, రెక్కలను 45 డిగ్రీలు పక్కకు వాల్చి యోక్ (విమానాన్ని నడిపే చక్రం లాంటి పిడి) లాగితే స్టాల్ వేగం, అంటే అంతకన్నా తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేని వేగం, 19 శాతం పెరుగుతుంది, 60 డిగ్రీలకైతే 41 శాతం. నేల దగ్గరపడే కొద్దీ చెయ్యి యోక్‌ని ఇంకా లాగుతుంది, కాలు రడ్డర్ (తోక చుక్కాని) పెడల్ తొక్కుతుంది. ఒక రెక్క ముందు స్టాలై విమానం స్పిన్‌లోకి, అంటే గిరగిరా తిరుగుతూ కిందికి, పోతుంది. ఆ ఎత్తులో తేరుకోవడం కుదరదు.

ఎక్కేటప్పుడు ముక్కు పైకే ఉంటుంది కాబట్టి ఇంజిన్ ఆగిన కొద్ది సెకన్లలోనే వేగం పడిపోతుంది. అందుకే మొదటి పని యోక్ ముందుకు తోయడం. సెస్నా 172లో ఒక రకమైన 172ఎస్‌లో ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి దించే పలకలు) ఎత్తి ఉంటే 70 నాట్ల (గంటకు సుమారు 130 కి.మీ.) వేగం పట్టుకోవాలి. ఎదురుగా, అటూ ఇటూ కొద్దిపాటి మలుపుతో అందే చోటు చూసుకోవాలి. మిక్స్చర్ (ఇంజిన్‌కు వెళ్లే ఇంధనం పాళ్లు మార్చే పిడి) పూర్తిగా వెనక్కి, ఇంధనం వాల్వ్ మూసివేత, మాగ్నెటోలు (ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించేవి) ఆఫ్, ఫ్లాప్స్ కిందికి, ఆ తర్వాతే మాస్టర్ స్విచ్ ఆఫ్. ఫ్లాప్స్ కరెంటుతోనే కదులుతాయి మరి. తలుపు గడియ ముందే తీసిపెట్టాలి, దెబ్బకు ఫ్రేమ్ వంగితే తెరుచుకోదు.

ఎదురుగాలి కూడా మన పక్షమే. 50 నాట్ల వేగంతో దిగితే 10 నాట్ల ఎదురుగాలిలో నేలను తాకేది 40తో, వెనక్కి తిరిగితే అదే వెనుకగాలై 60తో. దెబ్బలో ఉండే శక్తి రెండింతలు దాటిపోతుంది.

అసలు ఇంజిన్ ఎందుకు ఆగుతుందంటే, తరచూ కనిపించే కారణాల్లో ఇంధనంలో నీళ్లు ఒకటి. నీళ్లు బరువు, ట్యాంకు అడుగున చేరతాయి. 172ఎస్‌లో ఇంధనం తీసి చూసే డ్రెయిన్లు 13 ఉన్నాయి, ఒక్కటీ వదలకూడదు. గ్లాసును వెలుగుకు ఎత్తి పట్టుకుంటే నీలం రంగు 100ఎల్‌ఎల్ (చిన్న విమానాల పెట్రోల్) కింద నీటి బొట్టు గుండ్రంగా దొర్లుతూ కనిపిస్తుంది. గ్లాసు నిండా నీళ్లే వస్తే మాత్రం ఇంధనానికీ నీటికీ మధ్య గీతే ఉండదు, చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. అందుకే రంగు చూడాలి, వాసన చూడాలి.