రెండు వందల ట్రిప్పుల లెక్క: వార్షిక టోల్ పాసుతో నా అనుభవం

మా నాయన వైద్యం కోసం నెలకు మూడుసార్లు హన్మకొండ నుంచి హైదరాబాదు వెళ్లి రావలసి ఉంటుంది. దారిలో కోమళ్ల, గూడూరు టోల్ గేట్లు పోయేటప్పుడు రెండు, వచ్చేటప్పుడు రెండు తగులుతాయి. అందుకే సొంత కార్లకు జాతీయ రహదారులపై వార్షిక పాసు 2025 ఆగస్టు 15న మొదలైందని తెలియగానే లెక్క వేసుకున్నాను. అప్పుడు దాని ధర 3000 రూపాయలు, గడువు ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. గేటు దాటిన ప్రతిసారీ ఒక ట్రిప్పు పోతుంది కనుక మా ప్రయాణానికి నాలుగు, ఏడాదికి 144. ఒక్కో గేటుకు దాదాపు 21 రూపాయలే పడుతుందని తేలింది.

పాసు కొనడానికి రాజ్‌మార్గ్ యాత్ర యాప్‌లో కారు నంబరు కొట్టగానే పని ఆగిపోయింది. కారు కొన్న రోజున శాశ్వత నంబరు ఇంకా రాకముందే అద్దానికి ఫాస్టాగ్ అతికించారు. అది చాసిస్ నంబరు మీదే నమోదై ఉంది, అలాంటి ట్యాగుకు పాసు ఇవ్వరు. ట్యాగు ఇచ్చిన బ్యాంకుకు ఆర్సీ రెండు వైపులా ఫొటోలు తీసి పంపితే, అక్షరాలు సరిగా కనబడడం లేదని తిప్పి పంపారు. పెరట్లో ఎండలో కార్డును తెల్ల కాగితంపై పెట్టి మళ్లీ తీశాను. తొమ్మిది రోజులకు నంబరు ఎక్కింది, ఈలోగా రెండు ప్రయాణాలకు మామూలు టోలే కట్టాను. పాసు డబ్బు ఫాస్టాగ్ వాలెట్ నుంచి పోదు, నేను విడిగా యూపీఐలో చెల్లించాను. ఆ తర్వాత గంటలోపే పాసు పనిచేసింది. కొత్తగా తీసుకునేవారు ముందుగా ట్యాగు మీద అసలు నంబరు ఉందో లేదో చూసుకోవాలని నా మనవి.

పాసు ఉంది కదా అని వాలెట్ ఖాళీ చేయకూడదు. రాజీవ్ రహదారి రాష్ట్ర రహదారి కావడంతో, హైదరాబాదు నుంచి కరీంనగర్ పెళ్లికి పోయినప్పుడు దుద్దెడ గేటు దగ్గర మామూలుగానే డబ్బు కోశారు. గచ్చిబౌలి వైపు ఆసుపత్రికి పోవడానికి ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కితే అక్కడా పాసు చెల్లదు, పైగా ఎక్కిన చోటు నుంచి దిగిన చోటు వరకు దూరాన్ని బట్టి తీసుకుంటారు.

నాకు ఆ పద్ధతే న్యాయంగా తోస్తుంది. వార్షిక పాసు మా ఇంటికి మేలు చేసింది, నిజమే, కానీ ఎక్కువ తిరిగినవారికే చవక పడే ఏర్పాటు కార్లను ఇంట్లో ఉంచదు. సింగపూరు 1975లోనే, లండన్ 2003లో నగరం నడిబొడ్డుకు వచ్చే కార్ల నుంచి రుసుము వసూలు చేయడం మొదలుపెట్టాయి. మన దగ్గరా రద్దీని బట్టి ధర పెట్టే రోజు వస్తే నేను కాదనను, కానీ అంతకు ముందే ఉప్పల్‌లో బస్సు దిగిన రోగి ఆసుపత్రి గడప దాకా సులువుగా చేరే ఏర్పాటు కావాలి. ఆ ఏర్పాటు లేకనే మా నాయనను నేను కారులో తీసుకుపోతున్నాను.

ఇప్పుడు ఆయన ఇంట్లోని క్యాలెండరుపై ప్రయాణానికి నాలుగు గీతలు గీస్తున్నారు. "ఇంకెన్ని ఉన్నయి బిడ్డా?" అని గూడూరు దాటగానే అడుగుతారు. నా ఒక్కడి పని మీద హైదరాబాదు పోవలసి వస్తే ఆ గీతలు ఆయనకు మిగలాలని హన్మకొండ బస్టాండులో బస్సు ఎక్కుతున్నాను.