గెయిల్ రాయర్: బడి పంతులు నడిపిన డ్రమ్ కోర్

కాలిఫోర్నియాలోని సాంటా క్లారాలో సంగీతం నేర్పే బడి పంతులు గెయిల్ రాయర్ 1967లో స్థాపించిన వాన్‌గార్డ్ అనే డ్రమ్ కోర్ (మైదానంలో కవాతు చేస్తూ వాయించే బృందం), ఆయన సారథ్యంలో 1973, 1974, 1978, 1981, 1989 సంవత్సరాల్లో డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ పోటీల్లో ఛాంపియన్‌గా నిలిచింది. నాకు మాత్రం ఆ పతకాలకన్నా, కుర్రకారును వేసవంతా బస్సుల్లో ఊరూరా తిప్పుతూ, రాత్రిళ్లు స్కూలు జిమ్ నేలమీద పడుకోబెట్టి, పగలు మండుటెండలో సాధన చేయించే ఆ నిర్వహణే గొప్పగా తోస్తుంది. (డైరెక్టరుకు స్వరాలతోపాటు డీజిలు లెక్కలూ రావాలి మరి.)

ఈ బృందాల్లో వేణువులకు, క్లారినెట్లకు చోటు లేదు. ఇత్తడి వాద్యాలు, డ్రమ్ములు, జెండాలు తిప్పే కలర్ గార్డ్ ఉంటాయి. ఫుట్‌బాల్ మైదానంలోని యార్డు గీతకు ఎన్ని అంగల దూరంలో నిలబడాలో ఎవరికివారు చిన్న పుస్తకంలో రాసుకుని, బాకా ఊదుతూనే అక్కడికి చేరుకోవాలి. స్నేర్ అనే డ్రమ్ములు వాయించేవాళ్ల వరుసలోనైతే కర్రలు లేచే ఎత్తు కూడా అందరిదీ ఒక్కటే కావాలి.