గ్రూప్-2 పాలిటీ: 'చట్టం' అనే మాట దగ్గర మారిన నా రివిజన్

ఎంపిక జాబితాలో నా నంబరు కనిపించినప్పటి నుంచి మిత్రులు అడుగుతున్నది ఒకటే, పాలిటీ (రాజ్యాంగం, పాలన వ్యవస్థ) ఎన్నిసార్లు రివిజన్ చేశావని. ఎన్నిసార్లో చెబితే మీకు ఒరిగేదేమీ లేదు. ఎలా చేశానో చెబుతాను.

నాకు దారి దొరికింది రాజ్యాంగంలోని ఆర్టికల్ 13 దగ్గర. ప్రాథమిక హక్కులకు విరుద్ధమైన చట్టాలు చెల్లవని అందరం కంఠస్థం చేసిందే. మరి అక్కడ 'చట్టం' అంటే ఏమిటి? ఆర్డినెన్సు, నోటిఫికేషన్, చట్టబలమున్న ఆచారం కూడా అందులోకి వస్తాయని ఆ ఆర్టికలే చెబుతుంది. రాజ్యాంగ సవరణ వస్తుందా అన్న దగ్గరే చిక్కంతా. రాదని 1951లో శంకరీ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు అంది. వస్తుందని 1967లో గోలక్‌నాథ్ కేసులో అంది. 1971లో పార్లమెంటు 24వ సవరణ తెచ్చి, రాదని రాజ్యాంగంలోనే రాసింది. 1973లో కేశవానంద భారతి కేసులో 13 మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆ సవరణను సమర్థిస్తూనే, రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని, అంటే దానికి పునాదిలాంటి లక్షణాలను మాత్రం ముట్టుకోరాదని 7-6 మెజారిటీతో తేల్చింది. అంతవరకు విడివిడిగా బట్టీ పట్టిన సంవత్సరాలన్నీ ఒక్క మాట చుట్టూ చేరి ఒకే కథ అయ్యాయి. ఆ రోజు కలిగిన ఆనందం ఫలితాల రోజు ఆనందానికి ఏమాత్రం తీసిపోదు.

అప్పటి నుంచి నోట్సులో ఎడమ పేజీ ఖాళీగా వదిలాను. పుస్తకం తెరవకముందే భావన అర్థాన్ని సొంత వాక్యంలో అక్కడ రాసి, తర్వాత పుస్తకంతో పోల్చి, తేడా వచ్చినచోట ఎర్ర సిరాతో దిద్దేవాణ్ని. మరుసటి రివిజన్‌లో ముందు చదివేది ఆ ఎర్ర అక్షరాలనే. ప్రాణం, వ్యక్తిగత స్వేచ్ఛలను కాపాడే ఆర్టికల్ 21లోని 'చట్టం నిర్దేశించిన పద్ధతి'కి 1950లో గోపాలన్ కేసులో చెప్పిన అర్థం (చట్టంలో ఉన్న పద్ధతి అయితే చాలు) 1978లో మేనకా గాంధీ కేసు తర్వాత నిలవలేదు; ఆ పద్ధతి న్యాయంగానూ ఉండాలి. భావనే మారినప్పుడు మన నోట్సు మారకుండా ఎలా ఉంటుంది?

ఎకానమీకీ ఇదే పద్ధతి. ద్రవ్యోల్బణం రేటు తగ్గిందంటే ధరలు తగ్గాయని కాదు, పెరిగే వేగం తగ్గిందని. చరిత్ర, కరెంట్ అఫైర్స్ అందరిలాగే చదివాను.

ఒక్క పేజీ పట్టుకుని గంటలు కూర్చుంటే సిలబస్ ఎప్పటికి పూర్తవుతుందని స్టడీ హాల్లో కొందరు అన్నారు. వాళ్లలా పరుగెత్తి ఉంటే ప్రతి ప్రశ్నకూ రెండు ఆప్షన్ల మధ్య ఊగిసలాడేవాణ్నని ఇప్పటికీ గట్టిగా నమ్ముతున్నాను. ఫోను పక్కన పెట్టి కుదురుగా కూర్చోలేనివారికి ఏ పద్ధతీ పనిచేయదు. కటువుగా ఉన్నా చెప్పక తప్పదు.

ఈసారి రాయబోయేవారు ఆర్టికల్ 12లోని 'రాజ్యం'తో, అంటే ప్రాథమిక హక్కులకు కట్టుబడాల్సిన సంస్థలేవో చెప్పే మాటతో మొదలుపెట్టండి. 1975లో ఎల్‌ఐసీ అందులోకి ఎందుకు వచ్చింది, 2005లో క్రికెట్ బోర్డు ఎందుకు రాలేదు అన్నది పుస్తకం మూసి రాసి చూడండి.