లాయరు గారు, ఆయన తెడ్లు

లాయరు గారు లేరంటే నమ్మబుద్ధి కావట్లేదు. ఫీజు ఇచ్చుకోలేనివాళ్లు ఎవరొచ్చినా ముందు అడిగేది ఒకటే: నోటీసు ఏ తేదీన చేతికందింది? గడువు దాటితే ఎంత న్యాయమైన కేసైనా గుమ్మం దగ్గరే ఆగిపోతుంది మరి. అసలు కాగితాలు మీ దగ్గరే ఉంచుకోండి, నకళ్లే ఇవ్వండి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి అని ప్రతివాళ్లకీ ఓపిగ్గా చెప్పేవారు.

రోయింగ్, అంటే తెడ్లతో పడవ నడపడం, మాకు నేర్పేటప్పుడూ ఆయనది అదే పట్టింపు. కొత్తవాళ్లు చేతులతోనే లాగేస్తారు, బలమేమో కాళ్లలో ఉంటుంది. ముందు కాళ్లతో తన్నాలి, తర్వాత నడుము వెనక్కి వాలాలి, ఆఖర్న చేతులు. మళ్లీ లాగడానికి ముందుకొచ్చేటప్పుడు వరస తిరగబడుతుంది: చేతులు, నడుము, ఆ తర్వాతే మోకాళ్లు. మోకాళ్లు ముందే లేచాయా, తెడ్డు పిడి వాటికి తగిలి పడవ ఊగిపోతుంది. తెడ్డు చివరుండే వెడల్పాటి రెక్కని నీళ్లలోంచి పూర్తిగా బయటికి రాకముందే తిప్పితే అక్కడే చిక్కుకుని, పిడి వచ్చి పొట్టలో గట్టిగా గుద్దుతుంది. ఒక్కరే నడిపే సన్నటి పడవలో అప్పుడు కూడా పిడులు వదలకూడదు. పడవను నిలబెట్టేవి ఆ రెండు తెడ్లే. ఈ మాట ఆయన ఎన్నిసార్లు చెప్పినా విసుక్కునేవారు కాదు, ఆ ఓపికే మాకు చాలా ఇష్టం.

ఆయన చూస్తున్న కేసులున్నవాళ్లు దయచేసి ఆలస్యం చేయకండి. గడువు తేదీలు ఒకసారి చూసుకుని, వెంటనే వేరే లాయరుని పెట్టుకోండి.