పదిలో ఆరు అయ్యాయి: సిపాయిల బొమ్మల పని ఎక్కడిదాకా వచ్చిందంటే

దసరా తర్వాత హన్మకొండలో మేము కొందరం కలిసి పెడుతున్న బొమ్మల ప్రదర్శనలో నా వంతుకు పన్నెండు అడుగుల గోడ వచ్చింది. ఏ3 సైజు బొమ్మలు రెండు వరుసల్లో అయిదేసి పడతాయి. యుద్ధంలో ఉన్న సిపాయిల బొమ్మలు వేస్తానని ఒప్పుకున్నాను. కానీ ఒక్క బొమ్మలో కూడా తుపాకీ పేలదు. గడ్డం గీసుకోవడం, సాక్సు కుట్టుకోవడం, ఉత్తరం చదువుకోవడం, గుర్రానికి దాణా పెట్టడం, అన్నం ఉడికేదాకా కాచుకుని కూర్చోవడం, ఇవే. మొదటి ప్రపంచ యుద్ధానివి నాలుగు, 1971 పాకిస్తాన్ యుద్ధానివి మూడు, కార్గిల్‌వి మూడు అనుకున్నాను. పగలంతా ఆఫీసు, రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకా బొమ్మ. నెలకు రెండు కంటే ఎక్కువ కావడం లేదు.

మొదటి బొమ్మకు హైదరాబాద్ లాన్సర్లను తీసుకున్నాను. నిజాం సంస్థానం తరఫున పాలస్తీనా దాకా పోయిన గుర్రపు దళం అది. ఢిల్లీ తీన్‌మూర్తి దగ్గరి మూడు విగ్రహాల్లో ఒకటి వీళ్ళకు గుర్తు, మిగతా రెండు మైసూరు, జోధ్‌పూర్ దళాలకు. 1918 సెప్టెంబరు 23న హైఫా పట్టణం మీద గుర్రాలు దూకించింది ఆ రెండు దళాలే. ఆ దూకుడు బొమ్మలు ఇప్పటికే చాలామంది వేశారు. నా బొమ్మలో ఒక సవారు గుర్రం మెడకు తోబ్రా, అంటే దాణా సంచి, తగిలించి, అది తింటున్నంతసేపూ దాని భుజానికి ఆనుకుని కునుకు తీస్తున్నాడు. అంతే.

గుర్రం బాగానే వచ్చింది. తప్పు కాళ్ళ దగ్గర జరిగింది. ఆ రోజుల్లో మోకాలి కింద ఉన్ని పట్టీ చుట్టుకునేవాళ్ళు. కాల్బలం వాళ్ళు చీలమండ దగ్గర మొదలుపెట్టి పైకి చుట్టి మోకాలి కింద ముడి వేస్తారు. గుర్రపు దళం వాళ్ళది తలకిందులు, పైనుంచి కిందికి చుట్టి చీలమండ దగ్గర ముడి వేస్తారు. ఇది నాకు ఇంకు ఆరిపోయాక తెలిసింది. మందమైన 300 జీఎస్ఎమ్ కాగితం కదా అని బ్లేడుతో గీకి చూశాను. గీకిన చోట నూగు లేచి, పైన వేసిన రంగు మచ్చలా పాకింది. చివరికి ఆ కాలికి అడ్డంగా ఒక కాన్వాస్ బక్కెట్ పెట్టేశాను. చూసినవాళ్ళందరూ బక్కెట్ చాలా బాగుంది అంటున్నారు!

రెండోది బ్రైటన్ ఆస్పత్రి. 1914 సెప్టెంబరు చివర్లో మన సిపాయిలు ఫ్రాన్సులో మార్సెయ్ రేవులో దిగారు. ఒంటి మీద పల్చటి నూలు ఖాకీ, ముందు యూరప్ చలికాలం. గాయపడ్డవాళ్ళను ఇంగ్లండులో బ్రైటన్ రాజభవనంలోనే మంచాలు వేసి పడుకోబెట్టారు. హిందువులకు, ముస్లింలకు వేరే వంటిళ్ళు, వేరే నీళ్ళ కుళాయిలు. చాలామందికి రాయడం రాదు కాబట్టి ఎవరో ఒకరు పక్కన కూర్చుని ఉత్తరం రాసిపెట్టేవారు. ఆ ఉత్తరాలను సెన్సారు వాళ్ళు చదువుతారని సిపాయిలకు తెలుసు. అందుకని నల్ల మిరియాలంటే మనవాళ్ళు, ఎర్ర మిరపకాయలంటే తెల్లవాళ్ళు అని గుర్తు పెట్టుకుని, మిరియాలు అయిపోయాయి, ఇప్పుడు మిరపకాయలు వాడుతున్నారు అన్నట్టు ఇంటికి రాసేవారు. అది చదివాక నాకు రెండు రోజులు వేరే పని తోచలేదు. బొమ్మలో మంచం పక్కన స్టూలు మీద గుప్పెడు మిరియాలు, రెండు ఎండు మిరపకాయలు పెట్టాను. అవి అక్కడ ఎందుకున్నాయో పదిమందిలో తొమ్మిదిమందికి అర్థం కాదు. ఫర్వాలేదు, కింద చీటీలో కూడా రాయను.

1971కి వచ్చేసరికి రంగు మారింది. అది ఆలివ్ గ్రీన్ యూనిఫామ్. ట్యూబులోంచి నేరుగా వేస్తే పచ్చటి చిలకలా ఉంటుంది. నాకు కుదిరిన లెక్క ఇది: సాప్ గ్రీన్ రెండు పాళ్ళు, బర్న్ట్ అంబర్ ఒక పాలు, బ్రష్ కొసతో కాస్త పేన్స్ గ్రే. కామ్లిన్ ట్యూబులే వాడుతున్నాను. మోచేతుల దగ్గర, మోకాళ్ళ దగ్గర తడి ఆరకముందే టిష్యూతో అద్ది రంగు తీసేస్తే ఉతికి ఉతికి వెలిసిన బట్టలా వస్తుంది. కొత్త బట్ట వేసుకున్న సిపాయి నాటకంలో వేషగాడిలా కనిపిస్తాడు.

మోడల్ మా అక్క కొడుకు. మేడ మీద వరంగల్ కొత్తవాడ జంపఖానా పరిచి, చేతికి పీవీసీ పైపు ఇచ్చి, రైఫిల్ శుభ్రం చేస్తున్నట్టు కూర్చోబెట్టాను. చారల జంపఖానా పరిస్తే ఒక లాభం ఉంది. మనిషి బరువు ఎక్కడ పడుతోందో చారలు వంగి చెప్పేస్తాయి, నేల వాలు వేయడంలో పొరపాటు రాదు. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది కానీ ఈ ఉపయోగం ఎవరూ రాసినట్టు లేదు.

ఆ స్కెచ్ పట్టుకుని మా వీధిలోనే ఉండే రిటైర్డ్ సుబేదార్ సాబ్ దగ్గరికి వెళ్ళాను. చూసి నవ్వాడు.

"తమ్మీ, గీ పోరడు రైఫిల్ సాఫ్ చేస్తుండా, పిల్లనగ్రోయి ఊదుతుండా?"

ఆయన భర్తీ అయిన కొత్తలో ఎస్సెల్లార్ రైఫిళ్ళే. పైపు తెమ్మని, దారానికి ఒక బోల్టు కట్టి, ఇంకో కొసన పాత బనియన్ గుడ్డ ముక్క దూర్చి చేసి చూపించాడు. ఆ తాడు పుల్‌త్రూ, ఆ గుడ్డ చిందీ. నాలుగు అంగుళాలు పొడుగు, రెండు అంగుళాలు వెడల్పు. బరువున్న కొసను వెనకనుంచి గొట్టంలోకి జారవిడిచి, ముందునుంచి ఒక్క ఊపున, తిన్నగా లాగాలి. పక్కకు లాగితే గొట్టం అంచు అరుగుతుందట. లాగినప్పుడు ఆయన కుడి మోచెయ్యి చెవి వెనక్కి పోయింది, నాలిక కొస పళ్ళ మధ్యకు వచ్చింది. డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి ఆ ఒక్క క్షణం ఇరవై ఏళ్ళ పోరడిలా ఉన్నాడు. ఫోన్‌లో పదిహేను ఫోటోలు తీశాను. నాలిక కొసతో సహా బొమ్మలో వేశాను.

మధ్యలో ఒక పక్కదారి. మిత్రుడొకడు చేర్యాల పటాల పద్ధతిలో వేయరాదా, ఎర్ర నేల మీద వరసగా కథ నడిపించు అన్నాడు. ఆశపడి ఒకటి వేసి చూశాను. ఆ ఎరుపు ముందు నిలబెట్టగానే గడ్డం గీసుకునే సిపాయి కూడా పురాణాల్లో వీరుడైపోయాడు. ఆ పటాలు వేసే నకాషీ వాళ్ళ పని గొప్పది, కానీ అది ఈ మనుషులకు సరిపడలేదు. పక్కన పెట్టేశాను.

కార్గిల్‌వి రెండు అయ్యాయి. ఒకటి ప్రెషర్ కుక్కర్ బొమ్మ. టైగర్ హిల్ ఎత్తు పదహారు వేల అడుగుల పైనే. అంత ఎత్తులో నీళ్ళు 83 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, ఎంత మంట పెట్టినా గిన్నెలో పప్పు ఉడకదు. 1999లో సుబేదార్ సాబ్ ద్రాస్ వైపు రేషన్ చేరవేసే పనిలో ఉన్నాడు. అది పదివేల అడుగుల పైచిలుకు, అక్కడా లంగర్‌లో, అంటే సైన్యం వంటశాలలో, కుక్కర్ లేనిదే పని జరగదట. విజిల్స్ లెక్కపెట్టేవారా అని అడిగితే, "లెక్క ఎవడు పెట్టిండు, వాసన చూసుడే" అన్నాడు. ఆవిరి వేయడానికి మూడు కాగితాలు పాడయ్యాయి. తెల్లరంగు పెడితే దూదిలా ఉంటోంది. చివరికి వెనక చీకటి రంగు వేసి, అది సగం ఆరిన చెమ్మలో ఉండగా టిష్యూను పురి పెట్టి కింది నుంచి పైకి ఒక్కసారి తిప్పితే వచ్చింది. జులై వానల్లో ఆ సగం ఆరడానికి నలభై నిమిషాలు పడుతోంది. ఫ్యాన్ వేస్తే దుమ్ము అంటుకుంటోంది, హెయిర్ డ్రయ్యర్ పెడితే ఒక పక్కే ఆరి గీత పడుతోంది. కాచుకోవడమే మేలు.

ఒక ఫ్రేముల షాపులో నాలుగు మౌంట్లు, అంటే బొమ్మ చుట్టూ వచ్చే అట్టలు, అర అంగుళం తక్కువ కోసి ఇచ్చారు, సిపాయిల బూట్లు సగం లోపలికి పోయాయి. ఇక నుంచి కొలత నోటితో చెప్పను, కాగితం మీద గీసి ఇస్తాను. అద్దం బదులు యాక్రిలిక్ షీటు పెట్టిస్తున్నాను, బరువు తక్కువ.

ఆరోది, మొన్న పూర్తయిందనుకున్నది, 1971 ఉత్తరం బొమ్మ. సిపాయి భుజం వెనకనుంచి చూస్తున్నట్టు వేశాను. చేతిలో నీలం ఇన్‌లాండ్ కవరు, చిరునామా వైపు 99 ఏపీవో, అంటే ఆర్మీ పోస్టాఫీసు నంబరు. సిపాయి ఎక్కడున్నాడో ఇంట్లోవాళ్ళకు కూడా తెలియని చిరునామా. ఉత్తరం లోపల అక్షరాల బదులు వంకర గీతలు పెట్టాను. సుబేదార్ సాబ్ కళ్ళద్దాలు పెట్టుకుని దగ్గరికి తెచ్చుకున్నాడు.

"గిండ్ల ఏం రాసున్నది?"

"ఊరికే గీతలు సార్."

"గీతలు ఎవడు సదువుతడు తమ్మీ?"

కొత్తలో తనకు వచ్చిన మొదటి ఉత్తరం ఇంకా గుర్తుంది అన్నాడు. నాయినకు రాయడం రాదు, ఊరి సారు రాసిపెట్టాడట. పైసలు అందినయి. మన బర్రె ఈనింది, పెయ్యదూడ. నువ్వు కడుపునిండ తిను. అంతే ఉందట.

బొమ్మలో ఉత్తరం వెడల్పు నాలుగు సెంటీమీటర్లు, పైగా ఏటవాలుగా ఉంది. బాగా సన్నటి 0.05 పెన్నుతో పెయ్యదూడ దాకా పడుతుందో లేదో రేపు రఫ్ కాగితం మీద రాసి చూడాలి.