వ్యాసంలో లేని "గారు", చర్చలో తప్పని "గారు"

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. నేను అందులో ఖాతా తెరిచింది మాత్రం పోయినేడాదే. బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాను, ఆఫీసు నుంచి వచ్చాక రాత్రిపూట ఓ గంట దొరుకుతుంది. ఉండేది ఈ ఊళ్ళోనే కదా అని ముందు బెంగళూరు నాగరత్నమ్మ పేజీ తెరిచాను. తిరువయ్యారులో త్యాగరాజు సమాధి దగ్గర గుడి కట్టించిన మనిషి గురించి "జన్మించింది", "కట్టించింది" అని ఉంటే ప్రాణం చివుక్కుమంది. ఇంట్లో పెద్దవాళ్ళని అలా అంటే ఊరుకుంటారా?

కూర్చుని అన్నిచోట్లా "గారు" చేర్చి, క్రియలన్నీ "జన్మించారు", "కట్టించారు" అని మార్చాను. పొద్దున చూస్తే పాత రూపమే ఉంది. మళ్ళీ మార్చాను, మళ్ళీ తీసేశారు. కోపం కంటే బాధ ఎక్కువైంది. మూడోసారి మార్చబోతుంటే నా చర్చ పేజీలో ఒకాయన రాసిన నాలుగు లైన్లు కనబడ్డాయి. వ్యాసాల్లో అందరికీ ఏకవచనమే వాడతాం, గారు, శ్రీ లాంటివి పెట్టం, మీకు వేరే అభిప్రాయం ఉంటే ముందు చర్చలో రాయండి అని. నా యూజర్ నేమ్ పక్కన "గారూ" అని పిలిచి మరీ చెప్పారు.

జవాబు రాశాను గానీ సంతకం పెట్టలేదు. నాలుగు టిల్డెలు కొడితే పేరూ సమయం అవే వస్తాయని ఇంకొకరు చెప్పారు. ఫోన్‌లో తెలుగు కీబోర్డు నుంచి ఇంగ్లీషుకి మారి, అంకెల్లోకి వెళ్ళి, దాని వెనక గుర్తుల పేజీలో వెతికితే దొరికింది ఆ ~ గుర్తు. నాలుగుసార్లు నొక్కి సేవ్ చేయగానే నా పేరు, తేదీ, టైముతో సహా అక్కడ పడ్డాయి. భలే సంతోషం వేసింది.

తర్వాత రెండు వారాలు ఏమీ రాయలేదు, వికీపీడియాలో అందరూ కలిసి మాట్లాడుకునే రచ్చబండ పేజీలో పాత చర్చలు చదువుతూ కూర్చున్నాను. ఏకవచనం నియమం రాసిపెట్టి ఉంది, చదివితే తెలిసిపోతుంది. కానీ ఎంత గట్టిగా వాదించుకుంటున్నా అవతలి మనిషిని గారూ అనే పిలవడం, తప్పు పట్టే ముందు చేసిన పనికి ధన్యవాదాలు చెప్పడం, ఒకరు సగంలో ఉన్న వ్యాసంలో వేలు పెట్టేముందు ఓ మాట అడగడం, ఇవి చూసి పట్టుకోవాల్సినవే. కాలేజీ కుర్రాడైనా రిటైరైన మాస్టారైనా అక్కడ ఒకటే గౌరవం, అది నాకు బాగా నచ్చింది.

ఇంకో తప్పు కూడా చేశాను. ఒక పత్రికలోంచి రెండు పేరాలు యథాతథంగా తెచ్చి పెట్టాను. రచయిత పోయాక కూడా 60 ఏళ్ళు హక్కులు ఉంటాయని చెప్పి తీసేశారు. ఈసారి తిరిగి పెట్టలేదు, నా మాటల్లో రాసి మూలం ఇచ్చాను, నిలబడింది.

మొన్న అమ్మ ఊర్నుంచి వస్తే నేను రాసిన భాగం చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చదివి, "అంత పెద్దావిడని కట్టించింది అంటావేంట్రా, కట్టించారు అనొద్దూ?" అంది.

"రాముడు అడవికి వెళ్ళాడనే కదమ్మా అంటాం, వెళ్ళారు అనం కదా?"

"రాముడంటే మనవాడు కాబట్టి."

"ఈవిడా మన మనిషేగా" అన్నాను. అమ్మ ఇంకేమీ అనకుండా మళ్ళీ మొదట్నుంచీ చదవడం మొదలుపెట్టింది.