గ్లానిస్ పేరు, వాలుగ పేరు

నేను ఓడల్లో ఇంజనీరుగా పనిచేసి, పెళ్లయ్యాక గ్రీసులోని పిరేయస్ రేవులో ఒక నౌకా సంస్థ కార్యాలయంలో చేరాను. పిల్లలిద్దరూ ఇక్కడే పుట్టారు. ఇంట్లో తెలుగు, బడిలోనూ వీధిలోనూ గ్రీకు. ఇక్కడ గిమ్నాసియో, అంటే మన ఏడో తరగతి మొదలుకొని, ప్రాచీన గ్రీకు కూడా పాఠ్యాంశమే. మా అమ్మాయి ఆ తరగతిలో చేరినప్పటి నుంచి నాకు లోలోపల ఒక బెంగ పట్టుకుంది. ప్రపంచమంతా తలెత్తి చూసే ఆ భాష పక్కన, నేను అన్నం పెడుతూ మాట్లాడే తెలుగు నా బిడ్డకు చిన్నదిగా కనిపిస్తుందేమోనని.

ఆ బెంగను పోగొట్టింది ఒక మంచినీటి చేప.

దాని ప్రాచీన నామం గ్లానిస్. పశ్చిమ గ్రీసులో అకెలూస్ నదిలోనూ, గ్రీసులోని సహజ సరస్సులన్నిటిలో పెద్దదైన త్రిహొనీదలోనూ ఉంటుంది. పొలుసులు లేని నున్నని ఒళ్లు, వెడల్పాటి నోరు, మీసాలు. అక్కడివారు ఇప్పటికీ దాన్ని గ్లనీది అంటారు. అరిస్టాటిల్ కాలం నుంచి రెండువేల మూడువందల ఏళ్లకు పైగా గడిచినా, ఆ సరస్సు ఒడ్డున పేరు పెద్దగా అరగలేదు. ఒక సెలవుల్లో మేం అటు వెళ్లినప్పుడు చేపలమ్మే ఆయన నోట ఆ మాట విని మా అమ్మాయి ఉలిక్కిపడింది. ప్రాచీన భాష పుస్తకంలో మాత్రమే ఉంటుందని అప్పటిదాకా అనుకుంది.

ఆ రాత్రి ఇద్దరం కూర్చుని అరిస్టాటిల్ ఆ చేప గురించి రాసింది చదివాం. తను గ్రీకులో కూడబలుక్కుంది, నేను అనువాదం చూసుకున్నాను. ఆడచేప గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. గుడ్లు ఎక్కువగా పోగుపడ్డ చోట మగచేప ఉండిపోయి కాపలా కాస్తుంది. పిల్లలు ఇతర చేపల నుంచి తప్పించుకునేంత పెరిగేదాకా, నలభై యాభై రోజులు అక్కడి నుంచి కదలదు. దగ్గరికొచ్చిన చిన్న చేపల మీదికి దూకుతూ గొణుగుతున్నట్టు చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడును బట్టే జాలరులు దాని జాడ పట్టేవారట. లోతులో మొక్కల వేళ్లకు అంటుకున్న గుడ్లను వాళ్లు మెల్లగా తక్కువ నీళ్లలోకి లాగినా అది పిల్లలను వదలదు. గాలాల సంగతి ఎరిగిన ముదురు చేపైతే పళ్లతో గాలాన్నే కొరికి పాడుచేస్తుంది. ఇదంతా అరిస్టాటిల్ సొంతంగా ఊహించి రాయగలిగేది కాదు. నీళ్లలో బతుకు వెళ్లదీసిన జాలరులు చెబితే ఆయన శ్రద్ధగా రాసుకున్నాడు. ఆ శ్రద్ధ అంటే నాకు ఎంతో గౌరవం.

పేరు ఎక్కడి నుంచి వచ్చిందన్నది మరో కథ. గ్లానోస్ అనే మాటకు అర్థం హైనా, మన దుమ్ములగొండి. ఆ మాటను కూడా అరిస్టాటిలే మరోచోట నమోదు చేశాడు. చేప ఆబగా మింగే తీరును బట్టి ఈ పేరు వచ్చి ఉంటుందని భాషాశాస్త్రవేత్తలు భావిస్తారు. నేలమీది జంతువుల పేర్లను నీటిలోని వాటికి పెట్టడం ప్రాచీన గ్రీకులకు మామూలే. కాకి, కోయిల, కప్ప పేర్లున్న చేపలు వాళ్లకు ఉండేవి. మనం పులి రొయ్య అనడం లేదా? "నాన్నా, పిల్లలను అంత బాగా చూసుకునేదానికి దుమ్ములగొండి పేరా?" అని మా అమ్మాయి చాలా నొచ్చుకుంది. పేరు పెట్టినవాళ్లు దాని నోరు చూశారు, కాపలా చూసినవాళ్లు ఆ సంగతి విడిగా చెప్పారు అన్నాను.

తరువాత జరిగింది పిల్లలకు మరీ నచ్చింది. 1758లో, జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ గ్లానిస్ అనే పేరును డాన్యూబ్ వంటి నదుల్లో పెరిగే మరో పెద్ద చేపకు పెట్టాడు. దాంతో పండితులు ఆ చేపనే చూస్తూ, అరిస్టాటిల్ చెప్పిన కాపలా కథను నమ్మలేకపోయారు. 1850లలో అమెరికాలో ఉన్న ప్రకృతి శాస్త్రవేత్త లూయీ అగాసీ అకెలూస్ నది చేపలను తెప్పించుకుని పరిశీలించాడు. లిన్నేయస్ చేపకు మీసాలు ఆరు, దీనికి నాలుగే. ఇది వేరే జాతి. 1890లో జంతుశాస్త్రవేత్త గార్మన్ దాన్ని వర్ణించి ప్రకటించినప్పుడు అరిస్టాటిల్ పేరే స్థిరపడింది.

నాలుగు మీసాలు అనగానే నాకు మా గోదావరి వాలుగ గుర్తొచ్చింది. దానికీ నాలుగే, పొలుసులు లేవు, నోరు చెవులదాకా చీలినట్టు ఉంటుంది. వెతికితే రెండూ ఒకే కుటుంబానికి చెందినవని తేలింది. అంతకంటే పెద్ద సంతోషం మరొకటి దొరికింది. 1803లో స్కాట్లాండ్ వైద్యుడు ప్యాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన రెండువందల చేపల బొమ్మలతో పుస్తకం అచ్చువేస్తూ, స్థానికులు పలికిన పేర్లను కూడా ఇచ్చాడు. 1851లో డచ్ వైద్యుడు బ్లీకర్ వాలుగ ప్రజాతికి, అంటే దగ్గరి జాతుల గుంపుకి, పెట్టిన శాస్త్రీయ నామం వల్లాగో. అది మన వాలుగే. జాలరుల నోటి గ్రీకు మాట ఎలా శాస్త్రంలోకి వెళ్లిందో, జాలరుల నోటి తెలుగు మాటా అలాగే వెళ్లింది.

ఈ విషయం విన్నాక మా అబ్బాయి ఫోనులో తాతయ్యను పట్టుకున్నాడు. ఆయన ఉత్సాహంగా బొచ్చె, శీలావతి, మట్టగిడస, ఇంగిలాయి, జెల్ల, పులస అని చెబుతూ పోయారు. బార్బూని, చిపూర, గావ్రోస్ అని వీడు ఎదురు చెప్పాడు. పద్యాలూ పండగలూ మా ఇంట్లోనూ ఉన్నాయి, వాటిని వదలను. కానీ చేపల బజారులో, కూరగాయల దుకాణంలో, వాగు ఒడ్డున అక్కరకు రాని తెలుగు పిల్లల్లో ఎక్కువకాలం నిలవదని నా గట్టి నమ్మకం.

మా అమ్మాయి అడిగిన ప్రశ్న వేరు. "తాతయ్యా, మన వాలుగ కూడా పిల్లలకు కాపలా కాస్తుందా?" వాలుగ సంగతి తాను చూడలేదని, కొర్రమీనును మాత్రం చూశానని ఆయన చెప్పారు. ఎర్రని పిల్లలు గుంపుగా నీటిపైకి తేలుతుంటే పెద్దచేప కింద తిరుగుతుంటుందట. "ఆ రోజుల్లో దాన్ని పట్టనిచ్చేవారు కాదు తల్లీ, మా నాన్న" అన్నారు. కాపలా కాసేది తల్లా తండ్రా అని ఇది వెంటనే అడిగింది. వచ్చి నువ్వే చూడు అన్నారాయన. కొర్రమీను పిల్లలు కనిపించేది వానలు పడి చెరువులు నిండాకే కాబట్టి, ఈసారి టికెట్లు జూన్‌కు కాకుండా జులై ఆఖరుకు తీసుకున్నాం.